తీసివేత తెలిసిన వైద్యుడు

నాన్నకు గుండెపోటు వచ్చిన మరుసటి రోజు ఉదయం నేను ఐసీయూ అద్దం తలుపుకు ఇవతల నిలబడి ఉన్నాను. లోపల ఒక నర్సు మంచం పక్కకు కుర్చీ జరిపింది. మామూలు ప్లాస్టిక్ కుర్చీ. ఒక చేత్తో సెలైన్ గొట్టం పక్కకు తప్పించి, రెండో చేయి నాన్న వీపు కింద పెట్టి, మెల్లగా లేపి అందులో కూర్చోబెట్టింది. నాన్న పాదాలు నేలకు ఆనాయి. నా కాళ్లు వణికాయి. నిన్న సాయంత్రమే కదా స్టెంట్ వేశారు, అప్పుడే లేపడమేమిటి? తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, "ఏమ్మా, ఆయన్ని కాస్త పడుకోనివ్వరా?" అన్నాను. గొంతు పెంచే అన్నాను. ఆమె నా వైపు తిరిగి, "పడుకుంటేనే ప్రమాదమండీ" అని, నాన్న మోకాళ్ల మీద దుప్పటి సర్ది వెళ్లిపోయింది.

ఆ ఒక్క మాట వెనక ఎంత చరిత్ర ఉందో అప్పటికి నాకు తెలియదు. డెబ్బై ఏళ్ల కిందట అమెరికాలోని బోస్టన్‌లో ఒక యువ వైద్యుడు ఇలాగే ఒక గుండె రోగిని కుర్చీలో కూర్చోబెట్టబోతే తోటి డాక్టర్లు అతన్ని హంతకుడిని చూసినట్టు చూశారు. ఆయన పేరు బెర్నార్డ్ లౌన్.

లౌన్ పేరు విన్నవాళ్లకు సాధారణంగా రెండు సంగతులు తెలుస్తాయి. ఆగిపోయే గుండెను విద్యుత్ షాకుతో దారికి తెచ్చే డీసీ డీఫిబ్రిలేటర్ ఆయన కృషి. 1985లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న వైద్యుల సంస్థకు ఆయన సహ వ్యవస్థాపకుడు. రెండూ నిజమే, రెండూ గొప్పవే. కానీ ఆయన జీవితం గురించి చదువుతున్న కొద్దీ నాకు ఒక అభిప్రాయం బలపడింది. వైద్యానికి ఆయన చేర్చినదాని కన్నా వైద్యం నుంచి ఆయన తీసేసింది ఎక్కువ విలువైనది. కొత్త మందునో, కొత్త పరికరాన్నో తెచ్చిన పరిశోధకుడికి పేరు వస్తుంది. "ఇది అక్కర్లేదు" అని రుజువు చేసిన పరిశోధకుడికి శత్రువులు మిగులుతారు. రెండో పనే కష్టం. గుండె వైద్యానికి ఈ రోజు ఎక్కువగా కావలసింది కూడా ఆ రెండో పనేనని నా నమ్మకం.

లౌన్ 1921లో లిథువేనియాలో యూదు కుటుంబంలో పుట్టారు. 1935లో కుటుంబం అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి వలస వచ్చింది. జాన్స్ హాప్‌కిన్స్‌లో 1945లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. 1950లో బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో శామ్యూల్ లెవీన్ దగ్గర శిష్యుడిగా చేరారు. లెవీన్ ఆ తరం గుండె వైద్యుల్లో పెద్ద దిక్కు. గుండె నొప్పి వచ్చిన మనిషి పిడికిలి బిగించి ఛాతీ మధ్యన పెట్టుకుని చూపిస్తాడు కదా, ఆ సైగను ఈనాటికీ వైద్య విద్యార్థులు ఆయన పేరుతోనే నేర్చుకుంటారు. యంత్రాలు తక్కువ ఉన్న కాలం అది. రోగి చేతి కదలికలో కూడా రోగాన్ని చదివిన మనిషి ఆయన.

ఆ రోజుల్లో గుండెపోటుకు వైద్యమంటే పడక. నాలుగు నుంచి ఆరు వారాల పడక. మొదటి రోజుల్లో రోగి తనంతట తాను పక్కకు ఒత్తిగిలకూడదు. అన్నం ఇంకొకరు తినిపించాలి. మలమూత్రాలు మంచంలోనే. దెబ్బతిన్న గుండె కండరం మానడానికి వారాలు పడుతుందన్నది నిజం. అందుకని అన్ని వారాలూ కదలకుండా ఉంచాలన్నది దాని నుంచి అల్లుకున్న ఊహ. వినడానికి ఎంత సబబుగా ఉంది! విరిగిన కాలికి కట్టు కట్టి కదపవద్దంటాం కదా, గుండెకూ అంతే అనుకున్నారు. నేను ఐసీయూ తలుపు తోసుకుని వెళ్లింది కూడా ఈ ఊహతోనే.

లెవీన్‌కు అనుమానం వచ్చింది. మనిషి వెల్లకిలా పడుకుంటే కాళ్లలోని రక్తమంతా గుండె వైపు మళ్లుతుంది, బలహీనపడిన గుండె మీద బరువు పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కాళ్లు కిందికి వేలాడేలా కూర్చుంటే ఆ రక్తంలో కొంత కాళ్లలోనే నిలిచి గుండెకు ఊరట దొరుకుతుంది. పైగా వారాల తరబడి కదలకుండా పడుకున్న కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే ప్రాణమే పోతుంది. అంటే గుండెపోటు తప్పించుకున్న మనిషిని పడక చంపుతోంది. ఇది లెవీన్ ఆలోచన. దాన్ని వార్డులో రోజూ అమలు చేసి చూపే బాధ్యత శిష్యుడి మీద పడింది.

వార్డులోని యువ డాక్టర్లకు ఇది ఘోరంగా తోచింది. ఒక ఉదయం లౌన్ వార్డులోకి అడుగుపెట్టేసరికి వాళ్లంతా వరసగా నిలబడి, చేతులు చాచి, నాజీల జేజేలతో ఆయనకు స్వాగతం పలికారట. రోగుల మీద అమానుష ప్రయోగం చేస్తున్నాడని చెప్పడం వాళ్ల ఉద్దేశం. లౌన్ తన జ్ఞాపకాల్లో ఈ సంగతి రాసుకున్నారు. లిథువేనియా నుంచి వచ్చిన ఒక యూదు యువకుడికి, ఆ యుద్ధం ముగిసి పట్టుమని పదేళ్లు కూడా కాకముందే, ఆ సెల్యూట్! అది చదివిన చోట నేను చాలాసేపు ఆగిపోయాను. ఆయన ఏమి చేశారు? మరుసటి రోజు కూడా వెళ్లి కుర్చీ జరిపారు.

కూర్చున్న రోగులు చనిపోలేదు. ముఖాలు తేటపడ్డాయి, ఆకలి పుట్టింది, మంచం మీది మలమూత్రాల అవమానం తప్పింది. ఇంటికి ఎప్పుడు పంపుతారని వాళ్లే అడగసాగారు. 1952లో లెవీన్, లౌన్ కలిసి 81 మంది రోగుల అనుభవాన్ని అమెరికన్ వైద్య సంఘం పత్రికలో ప్రచురించారు. ఇందులో కొత్త మందు లేదు, పరికరం లేదు. ఉన్నదల్లా ఒక కుర్చీ. ప్రపంచమంతా దాన్ని ఒప్పుకోవడానికి మాత్రం ఏళ్లు పట్టింది. ఇప్పుడు అది ఎంత మామూలు పనైపోయిందంటే, నాన్నను లేపిన నర్సుకు దాని వెనక ఒక పోరాటం ఉందన్న ఊహ కూడా ఉండకపోవచ్చు. తీసివేత గెలిస్తే అంతే. గుర్తుకు ఏమీ మిగలదు, ఖాళీ చోటుకు శిలాఫలకం వేయరు.

ఇక డీఫిబ్రిలేటర్ సంగతి. ఇది కూడిక కదా, నీ వాదనకు అడ్డం కదా అని ఎవరైనా అడగవచ్చు. దగ్గరగా చూస్తే ఇందులోనూ తీసివేతే కనిపిస్తుంది నాకు. గుండెకు షాకు ఇవ్వడం లౌన్‌తో మొదలు కాలేదు. 1947లో క్లాడ్ బెక్ శస్త్రచికిత్స బల్ల మీద తెరిచి ఉన్న గుండెకు షాకు ఇచ్చి ఒక బాలుణ్ణి బతికించారు. 1956లో పాల్ జోల్ ఛాతీ పైనుంచే షాకు ఇచ్చి చూపారు. వాళ్లు వాడింది మన ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటు లాంటిది. అటు సోవియట్ దేశంలో నౌమ్ గుర్విచ్ అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే డీసీ, అంటే ఒకే దిశలో ప్రవహించే కరెంటు, మీద పనిచేస్తున్నారు. ఆ గౌరవం ఆయనకు దక్కాలి. లౌన్ చేసిందేమిటంటే, గుండెను బతికిస్తున్న ఆ ఏసీ షాకు గుండెకు చేస్తున్న హాని ఎంత అని అడగడం. ప్రాణం నిలబడితే చాలు, మిగతాది తర్వాత చూసుకుందాం అనుకునే చోట ఆయన ఆ ప్రశ్న వేశారు.

బరూఖ్ బెర్కోవిట్స్ అనే ఇంజనీరుతో కలిసి ప్రయోగశాలలో కుక్కల మీద పరీక్షలు చేశారు. ఏసీ షాకు గుండె కండరాన్ని దెబ్బతీస్తోందని, కొత్తగా లయ తప్పేలా చేస్తోందని తేలింది. కెపాసిటర్‌లో నిలవ చేసిన విద్యుత్తును ఒక ప్రత్యేకమైన అల రూపంలో, సెకనులో అతి చిన్న భాగంలో వదిలితే ఆ హాని బాగా తగ్గుతుంది. అక్కడితో ఆగలేదు. ప్రతి గుండె చప్పుడులోనూ ఒక చిన్న క్షణం ఉంటుంది, ఈసీజీలో టీ అనే అల వచ్చే చోట. ఆ క్షణంలో షాకు తగిలితే మామూలుగా కొట్టుకుంటున్న గుండె కూడా అదుపు తప్పి వణికిపోతుంది. ఆ క్షణాన్ని తప్పించి, ఆర్ అనే అలతో కలిపి షాకు పడేలా యంత్రానికి నేర్పారు. లయ తప్పినా ఇంకా కొట్టుకుంటూనే ఉన్న గుండెను ఇలా దారికి తెచ్చే పద్ధతికి కార్డియోవర్షన్ అని పేరు పెట్టింది ఆయనే. 1962లో ఇది వైద్య లోకం ముందుకు వచ్చింది. షాకు ఉంది, అందులోంచి ప్రమాదాన్ని తీసేశారు. ఈ రోజు అంబులెన్సుల్లో, విమానాశ్రయం గోడ మీది పెట్టెలో ఉన్నది ఆ వరసలో వచ్చిన యంత్రమే.

ఇక్కడ నాకు ఇబ్బంది కలిగించే సంగతి కూడా చెప్పాలి. లౌన్ ఎప్పుడూ ఒప్పే అని రాస్తే అది భజన అవుతుంది. 1971లో ఆయన, సహచరుడు వూల్ఫ్ కలిసి గుండె వేసే అదనపు చప్పుళ్లను తీవ్రతను బట్టి తరగతులుగా విభజించారు. లౌన్ తరగతులని పుస్తకాల్లో ఇప్పటికీ ఉంటాయి. అదనపు చప్పుళ్లు హఠాన్మరణానికి ముందస్తు హెచ్చరికలన్నది అప్పటి ఆలోచన. అందులోంచి ఇంకో ఆలోచన పుట్టింది. చప్పుళ్లను మందుతో అణిచేస్తే మరణాన్ని ఆపవచ్చు కదా? గుండెపోటు నుంచి కోలుకున్న లెక్కలేనంత మందికి ఆ మందులు రాశారు. మందు వేస్తే ఈసీజీ శుభ్రంగా కనిపించేది. డాక్టరుకు తృప్తి, రోగికి ధైర్యం.

చివరికి దీన్ని క్యాస్ట్ అనే పరీక్షలో తూకం వేశారు. ఎన్‌కైనైడ్ లేదా ఫ్లెకైనైడ్ మందు ఇచ్చిన 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్తుత్తి బిళ్లలు ఇచ్చిన 743 మందిలో 26 మంది. ఆ తేడా బయటపడగానే 1989లో ఆ మందులను పరీక్ష నుంచి ఆపేశారు. చప్పుళ్లను అణిచిన మందే మనిషినీ అణిచేసింది. ఆ మందులు లౌన్ కనిపెట్టినవి కావు, ఆ పరీక్షా ఆయనది కాదు. కానీ ఆ ఆలోచన నిలబడిన నేలలో ఆయన వేసిన మట్టి కూడా ఉంది. గుండెపోటు రోగులకు ముందు జాగ్రత్తగా, లయ తప్పకుండా ఉంచడానికి, లిడోకైన్ అనే మందు ఎక్కించే పద్ధతి కూడా అంతే. ఆయన ప్రోత్సహించిన మందు అది. తర్వాతి పరిశోధనలు అందరికీ ముందుగానే ఇవ్వడం వల్ల ప్రాణాలు దక్కడం లేదని తేల్చాక దాన్ని మానేశారు. దీన్నిబట్టి ఆయన గొప్పవాడు కాడని నేను అనను. తీసివేత నేర్పిన మనిషి కూడా కూడిక మోజులో పడగలడంటే, ఆ మోజు ఎంత బలమైనదో ఆలోచించండి.

ఇక నన్ను ఈ వ్యాసం రాయడానికి కూర్చోబెట్టిన విషయానికి వస్తాను.

1970ల్లో మూసుకున్న గుండె నాళానికి పక్కదారి వేసే బైపాస్ శస్త్రచికిత్స వరదలా వచ్చింది. యాంజియో చేయడం, అంటే నాళాల్లోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే బొమ్మ తీయడం, మూసుకున్న చోటు చూపించడం, మూసుకుంది కాబట్టి తెరవాలనడం. ఆ తర్కానికి ఎదురు చెప్పడం కష్టం. కళ్ల ముందు బొమ్మ ఉంది కదా! లౌన్ ఎదురు చెప్పారు. మందులతో, వ్యాయామంతో, ఓపికగా మాట్లాడటంతో తన రోగుల్లో చాలామందిని శస్త్రచికిత్స లేకుండా చూసుకున్నారు. లెక్కలు రాసి పెట్టుకున్నారు. 1987లో ఆయన బృందం ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. వేరే చోట బైపాస్ చేయించుకోమని చెప్పిన 88 మంది రెండో అభిప్రాయం కోసం వీళ్ల దగ్గరికి వచ్చారు. అందులో 74 మందికి ఇప్పట్లో అక్కర్లేదని వీళ్లు చెప్పారు. ఆ సలహా పాటించిన వాళ్లలో సగటున రెండేళ్లకు పైగా గమనించిన కాలంలో ఎవరూ చనిపోలేదు. 1992లో ఇదే ప్రశ్నను యాంజియో విషయంలో అడిగారు. యాంజియో చేయించుకోమన్న 168 మందిలో 134 మందికి అవసరం లేదన్నారు. తర్వాతి ఏళ్లలో వాళ్లలో గుండె జబ్బు మరణాలు ఏడాదికి నూటికి ఒకటి చొప్పున మాత్రమే ఉన్నాయి.

చిన్న అధ్యయనాలే. లాటరీ తీసినట్టు రోగులను రెండు గుంపులుగా పంచి చేసినవి కూడా కావు. విమర్శించినవాళ్లకు కారణాలు ఉన్నాయి. మరో సంగతీ ఉంది. గుండెకు ఎక్కువ రక్తం అందించే ఎడమ ప్రధాన నాళం బాగా మూసుకున్న వాళ్లకు బైపాస్ ఆయుష్షు పోస్తుందని అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన పరీక్ష 1970ల్లోనే చూపించింది. కాబట్టి ఎవరికీ అక్కర్లేదనడం తప్పు. ఎవరికి కావాలో తేల్చుకోకుండా అందరికీ చేయడం అంతకన్నా పెద్ద తప్పు. లౌన్ పోట్లాడింది ఈ రెండో దానితో.

పెద్ద పరీక్షలు రావడానికి కాలం పట్టింది. 2007లో వచ్చిన కరేజ్ పరీక్షలో 2,287 మంది ఉన్నారు. జబ్బు నిలకడగా ఉన్న రోగుల్లో సగం మందికి మంచి మందులు, సగం మందికి మందులతో పాటు స్టెంట్. దాదాపు ఐదేళ్లు చూశారు. మరణం లేదా గుండెపోటు స్టెంట్ వేసినవాళ్లలో 19.0 శాతం, మందులే వాడినవాళ్లలో 18.5 శాతం. 2019లో ఇస్కీమియా పరీక్ష ఫలితాలు వెల్లడయ్యాయి. 37 దేశాలు, 5,179 మంది. ఎడమ ప్రధాన నాళంలో అడ్డు ఉన్నవాళ్లను తప్పించి చేసిన ఈ పరీక్షలోనూ మొత్తం మీద అదే మాట. స్టెంట్, బైపాస్ ముందే చేసేయడం వల్ల మరణాలు తగ్గలేదు. నొప్పి తరచుగా వచ్చేవాళ్లకు నొప్పి తగ్గింది. అది చిన్న విషయం కాదు, నొప్పితో బతకడం ఎంత నరకమో అనుభవించినవాళ్లకు తెలుసు. కానీ నొప్పి తగ్గడం వేరు, ప్రాణం దక్కడం వేరు. రోగికి ఆ రెండూ విడివిడిగా చెప్పాలి. లౌన్‌కు అప్పటికి 98 ఏళ్లు.

మూసుకున్నదాన్ని తెరిస్తే ఆయుష్షు ఎందుకు పెరగదు? నాకూ ఇది మింగుడు పడలేదు. మనం రక్తనాళాన్ని నీటి గొట్టంలా ఊహించుకుంటాం. లోపల పాచి పేరుకుని సన్నబడుతూ సన్నబడుతూ చివరికి మూసుకుపోతుందనుకుంటాం. గుండెపోటు చాలాసార్లు అలా రాదు. నాళం గోడలో కొవ్వు ఒక కురుపులా ఉంటుంది. పైపొర పలచనై ఒక రోజు ఆ కురుపు చిట్లుతుంది. చిట్లిన చోట రక్తం గడ్డకట్టి నిమిషాల్లో దారి మూస్తుంది. అలా చిట్లే కురుపులు చాలావరకు అంతకు ముందు దారిని పెద్దగా అడ్డగించనివే. అంటే యాంజియో బొమ్మలో 80 శాతం అని భయపెట్టే చోటుకు స్టెంట్ వేసినా, 40 శాతం అని ఎవరూ పట్టించుకోని చోట రేపు చిట్లవచ్చు. స్టెంట్ ఆ ఒక్క చోటినే కాపాడుతుంది. కొవ్వు తగ్గించే మందు, రక్తపోటు మందు, పొగ మానడం, నడక, ఇవి మొత్తం నాళాలన్నిటినీ కాపాడతాయి. అదే గుండెపోటు వస్తున్న గడియలో గడ్డ దారి మూసేసినప్పుడు దాన్ని వెంటనే తెరవడం ప్రాణాధారం. నాన్న ఈ రోజు మా మధ్య ఉన్నారంటే ఆ సాయంత్రం వేసిన స్టెంటే కారణం. ఛాతీ పట్టేసి చెమటలు పడుతుంటే రెండో అభిప్రాయం అంటూ ఎవరూ కూర్చోకండి. ఆసుపత్రికి పరుగెత్తండి.

ఆ గండం గడిచాక ఆరేళ్లు నాన్న హాయిగా ఉన్నారు. రోజూ గంట నడక, రెండు అంతస్తులు ఎక్కి దిగడం, ఆయాసం లేదు. ఏడాదికోసారి చేసే పరీక్షల్లో ఒకసారి ట్రెడ్‌మిల్ రిపోర్టులో ఏదో తేడా అన్నారు. యాంజియో చేశారు. ఇంకో నాళంలో 80 శాతం బ్లాకు. ఎడమ ప్రధాన నాళం బాగుంది, గుండె పంపింగ్ మామూలుగానే ఉంది. ఆ డాక్టరు కంప్యూటర్ తెర మీద నలుపు తెలుపు బొమ్మ ఆపి, పెన్ను కొనతో ఒక చోట తట్టి, "గుండెలో టైమ్ బాంబు పెట్టుకుని తిరుగుతున్నారు మాస్టారూ, రేపే స్టెంట్ వేసేద్దాం" అన్నారు. గదిలోకి వెళ్లి ఆరు నిమిషాలు కూడా కాలేదు.

ఆ రాత్రి నాన్న నిద్రపోలేదు. ఆరేళ్లుగా నడుస్తున్న మనిషి బాత్రూముకు వెళ్లాలన్నా గోడ పట్టుకున్నారు. నాళం నిన్న ఎలా ఉందో ఈ రోజూ అలాగే ఉంది. మారిందల్లా చెవిన పడ్డ రెండు మాటలు. అమ్మ తనకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకుంది. తమ్ముడు అడ్వాన్సు కట్టేద్దామన్నాడు. కట్టేద్దామనే నేనూ అనుకున్నాను.

డాక్టరు మాట రోగిని ఏం చేయగలదో లౌన్ జీవితమంతా చెబుతూ వచ్చారు. గురువు లెవీన్ క్లినిక్‌లో జరిగిన ఒక సంఘటన ఆయన్ని వదల్లేదు. ట్రైకస్పిడ్ స్టెనోసిస్ అనే కవాట జబ్బుతో ఒకామె చాలా కాలంగా చికిత్స పొందుతోంది. ప్రమాదంలో లేదు. ఒక రోజు లెవీన్ వెంట డాక్టర్ల గుంపుతో వచ్చి, ఆమె ముందే "ఈమె టీఎస్ కేసు" అని వాళ్లతో అని వెళ్లిపోయారు. జబ్బు పేరుకు పొడి అక్షరాలు, అంతే. ఆమెకు అది టెర్మినల్ సిచ్యుయేషన్ అని, అంటే చావు దగ్గరపడిందని, అర్థమైంది. ఊపిరి వేగం పెరిగింది, చెమటలు పట్టాయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. లౌన్ ఎంత నచ్చజెప్పినా వినలేదు. ఆ రోజే చనిపోయింది. టైమ్ బాంబు, అరువు ఆయుష్షు లాంటి మాటలు డాక్టర్ల నోట విని చితికిపోయి తన దగ్గరికి వచ్చిన రోగుల గురించి లౌన్ కోపంతో రాశారు. వైద్యం నుంచి తీసేయాల్సిన వాటిలో ఆ మాటలు కూడా ఉన్నాయని ఆయన వాదన. నాన్న గోడ పట్టుకుని నడిచిన ఆ రాత్రి తర్వాత అది నా వాదన కూడా.

తీసివేత ఎందుకింత కష్టం? డబ్బు ఒక కారణం. చేసిన పనికి బిల్లు ఉంటుంది, చేయని పనికి ఉండదు. కానీ డాక్టర్లందరూ డబ్బు కోసమే చేస్తారనడం అన్యాయం. నాకు తోచిన అసలు కారణం భయం. స్టెంట్ వేశాక రోగి పోతే "చేయాల్సిందంతా చేశాం" అనవచ్చు, ఇంటివాళ్లు దండం పెట్టి వెళ్తారు. వేయకుండా ఉన్నాక పోతే ఎవరు ఊరుకుంటారు? నేనే ఊరుకునేవాణ్ణి కాదు. అంటే ఈ భారంలో సగం మాది, రోగి తాలూకు వాళ్లది. ఏదో ఒకటి చేయమని డాక్టరు మెడ మీద కూర్చునేది మేమే.

"ఊరుకున్నంత ఉత్తమం లేదు" అని మనకో సామెత ఉంది. లౌన్ చేసింది ఊరుకోవడం అనుకుంటే పొరపాటు. స్టెంట్ వేయడానికి గంట చాలు. వేయకుండా మనిషిని కాపాడాలంటే అతని తిండి, నిద్ర, ఉద్యోగం, దిగులు, ఇంట్లో గొడవ, అన్నీ తెలియాలి. నెలనెలా చూడాలి. మందు పడకపోతే మార్చాలి. ఫోనుకు అందుబాటులో ఉండాలి. రోగి చెప్పేది విని రోగం పట్టుకోవడం లెవీన్ దగ్గర ఆయన నేర్చుకున్న మొదటి విద్య. చివరి దాకా వదలనిదీ అదే.

శాంతి ఉద్యమాన్ని కూడా నేను ఇదే వరసలో చూస్తాను. 1980లో సోవియట్ గుండె వైద్యుడు యెవ్‌గెనీ చాజోవ్‌తో కలిసి అణుయుద్ధ నివారణకు వైద్యుల సంస్థను స్థాపించారు. అణుబాంబు పడ్డాక చేయగల వైద్యం ఏమీ లేదు, పడకుండా చూడటమే వైద్యమన్నది వాళ్ల మాట. చాజోవ్ మీద, సోవియట్ ప్రభుత్వంతో ఆయన సంబంధాల మీద తీవ్ర విమర్శలు వచ్చాయి. 1985 డిసెంబరులో ఆస్లోలో బహుమతి ప్రదానానికి ముందు విలేకరుల సమావేశం జరుగుతోంది, ప్రశ్నలు ఘాటుగా పడుతున్నాయి. ఉన్నట్టుండి ఒక సోవియట్ విలేకరి గుండె ఆగి కుప్పకూలాడు. అమెరికన్ డాక్టరు, సోవియట్ డాక్టరు వేదిక దిగివచ్చి నేల మీద మోకరిల్లి అతని ఛాతీ మీద చేతులు వేశారు. ఆ మనిషి బతికాడు.

లౌన్ 2021 ఫిబ్రవరిలో, 99 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మేము అడ్వాన్సు కట్టలేదు. ధైర్యంతో అని చెప్పను. తెల్లవారుజామున నాన్నే, "నాకు ఏ నొప్పీ లేదు కదరా, ఇంకొకరిని అడిగి చూద్దాం" అన్నారు. ఇంకో ఊరి నుంచి వచ్చి వారానికి రెండు రోజులు చూసే ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాం. ఆమె యాంజియో సీడీ చూడటానికి ముందు తన కుర్చీని బల్ల చుట్టూ తిప్పి నాన్న ఎదురుగా వేసుకుని కూర్చున్నారు. రోజూ ఎంత దూరం నడుస్తారు, ఎక్కడ ఆగుతారు, ఎందుకు ఆగుతారు, ఆయాసమా, దారిలో స్నేహితులా? నాన్న నవ్వారు. స్నేహితులే. తర్వాత సీడీ చూశారు. కొవ్వు తగ్గించే మందు మోతాదు పెంచారు. "ఇది బాంబు కాదు మాస్టారూ, ఇది మీ వయసు. నొప్పి వస్తే అదే రోజు నాకు చెప్పండి, అప్పుడు స్టెంట్ గురించి మాట్లాడుకుందాం. అంతవరకు మీ నడక మీరు నడవండి" అన్నారు.

దీనికి రెండేళ్లు దాటింది. ఒక్క మా నాన్న బాగున్నంత మాత్రాన ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. రేపు ఏమవుతుందో కూడా తెలియదు. మొన్న మళ్లీ ఆమె దగ్గరికి వెళ్లినప్పుడు నాన్న జేబులోంచి తన మందుల చీటీ తీసి బల్ల మీద పరిచారు. తొమ్మిది మందులు. "వీటిలో తీసేయగలిగింది ఏదైనా ఉందా డాక్టరుగారూ?" అని అడిగారు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కో పేరు పైకి చదువుతూ, ఎప్పుడు మొదలుపెట్టారో, ఎందుకు మొదలుపెట్టారో అడుగుతూ వచ్చారు. ఏడో పేరు దగ్గర ఆగి, కాసేపు ఆలోచించి, పెన్ను తీసి దాన్ని అడ్డంగా కొట్టేశారు.